మళ్ళీ మహమ్మారి వస్తే హాస్పిటల్‌కి రానంటున్న నాన్నకు ఏం చెప్పాలి?

పెద్దమ్మాయి:

నాన్నకు 70 దాటాయి. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. 2020 లాక్‌డౌన్‌లో ఒకరోజు తెల్లవారుజామున ఛాతీ పట్టేసినట్టుందని లేచి కూర్చున్నారు. ఒళ్ళంతా చెమటలు. అమ్మ అంబులెన్స్‌కి ఫోన్ చేయబోతే ఫోన్ లాక్కున్నారట. "గ్యాసే, అదే తగ్గుతుంది. ఇప్పుడు హాస్పిటల్‌కి వెళ్తే లేని రోగం తగిలించుకుని వస్తాను" అని టాబ్లెట్ వేసుకుని గోడకి ఆనుకుని కూర్చున్నారు. మధ్యాహ్నానికి నొప్పి తగ్గింది. పిల్లలకు చెప్పొద్దని అమ్మ దగ్గర మాట కూడా తీసుకున్నారు.

తర్వాత కొన్నాళ్ళకు మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోందని చూపిస్తే, ఎకో (గుండె స్కాన్)లో గుండె పంపింగ్ 35 శాతమే ఉందని తేలింది. "ఇదివరకెప్పుడో అటాక్ వచ్చింది, మీకు తెలియలేదా?" అని డాక్టర్ అడిగారు. అమ్మ అక్కడే ఏడ్చేసి ఆ రోజు సంగతి చెప్పింది.

నా బాధేంటంటే, నాన్న దాన్ని గెలుపు కింద లెక్కేసుకున్నారు. "అప్పుడు హాస్పిటల్‌కి వెళ్ళినవాళ్ళు ఎంతోమంది తిరిగి రాలేదు. నేను వెళ్ళలేదు కాబట్టే ఉన్నాను" అంటారు. వాకింగ్‌లో స్నేహితులకీ ఇదే చెప్తారు, వాళ్ళూ అవునంటారు. మొన్న టీవీలో ఏదో కొత్త వైరస్ వార్త వస్తుంటే, "మళ్ళీ అలాంటిది వస్తే నన్ను క్యాజువాలిటీకి తీసుకెళ్ళొద్దు, ఇప్పుడే చెప్తున్నా" అన్నారు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

ఆయన చదువుకున్న మనిషి. గట్టిగా అరిస్తే వినరు, లెక్కలు చూపిస్తే వింటారు. ఆయన భయం పూర్తిగా తప్పేనా? ఎలా చెప్తే ఒప్పుకుంటారు? ఎమర్జెన్సీలో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

నిజం మాట్లాడుకుందాం:

మీ నాన్నగారిది తప్పని నేననను. మా పెద్దమ్మను అంబులెన్స్‌లో పెట్టుకుని హాస్పిటల్ గేటు బయట గంటల తరబడి కూర్చున్నాను. వేలికి పెట్టిన మెషిన్‌లో ఆక్సిజన్ అంకె తగ్గుతూ ఉంటే చూస్తూ ఉండటం తప్ప చేసిందేమీ లేదు. సెక్యూరిటీ అతను లోపలికి వెళ్ళొచ్చి "బెడ్ లేదంటున్నారు సార్" అన్నాడు. ఇంకోచోటికి వెళ్తే అక్కడా అంతే. చివరికి లోపలికి తీసుకున్నచోట ఒక్క డాక్టర్ ఎన్ని మంచాల మధ్య పరిగెడుతున్నాడో లెక్కే లేదు. ఆయన్ని నేనేమీ అనను. కానీ జనం భయపడి రాలేదు, వాళ్ళదే తప్పు అంటే మాత్రం ఒప్పుకోను. తలుపు తీయకుండా, రాలేదేం అని అడిగితే ఎలా?

నైట్ డ్యూటీ:

నేను ఎమర్జెన్సీ డాక్టర్‌ని. కోవిడ్ ఉన్నన్నాళ్ళూ ఆ వార్డులోనే ఉన్నాను. నిజం గారి ప్రశ్నకు విడిగా జవాబిస్తాను, అది నాకు చాలా ముఖ్యం. ముందు నాన్నగారి సంగతి.

అమ్మా, ఆయన వైపు ఉన్న నిజంతోనే మొదలుపెట్టండి. అది దాచిపెడితే లెక్కలడిగే మనిషి తర్వాత మీరేం చెప్పినా నమ్మరు. 2015లో దక్షిణ కొరియాలో మెర్స్ (ఇదీ కరోనా జాతి వైరస్‌తో వచ్చే ఊపిరితిత్తుల జబ్బే) వచ్చినప్పుడు, సియోల్‌లోని ఒక పెద్ద హాస్పిటల్ ఎమర్జెన్సీలో ఒక పేషెంట్ మే 27 నుంచి 29 దాకా ఉన్నాడు. అతనికి మెర్స్ ఉందని ఎవరికీ తెలియదు. ఆ ఒక్కడి నుంచి 82 మందికి అంటుకుంది. కాబట్టి ఎమర్జెన్సీ వార్డులో రోగం తగులుకుంటుందన్న భయం గాలిలోంచి పుట్టింది కాదు.

అయితే ఆ 82 మంది ఎవరో కూడా చెప్పండి. 33 మంది పేషెంట్లు, 8 మంది హాస్పిటల్ సిబ్బంది. మిగిలిన 41 మంది పేషెంట్లకు తోడు వచ్చినవాళ్ళు, పలకరించడానికి వచ్చినవాళ్ళు. అంటే సగం మంది అసలు అక్కడ ఉండాల్సిన అవసరమే లేనివాళ్ళు. కిక్కిరిసిన వార్డు, దగ్గుతున్న మనిషిని వేరుగా ఉంచలేదు. ఆ దెబ్బతో కొరియా నిబంధనలు మార్చింది. ఎమర్జెన్సీలోకి తోడు వచ్చేవాళ్ళను తగ్గించారు, విడి గదులు పెట్టారు, జ్వరం, దగ్గు ఉన్నవాళ్ళను గుమ్మం దగ్గరే వేరు చేయడం మొదలుపెట్టారు. 2020లో ఎన్నో దేశాల్లో మేం చేసింది కూడా అదే.

దాని ఫలితం ఎలా ఉందో చూపించడానికి ఒక లెక్క. బోస్టన్‌లో ఒక పెద్ద హాస్పిటల్‌లో 2020 మార్చి 7 నుంచి మే 30 వరకు 9,149 మంది అడ్మిట్ అయ్యారు. 697 మందికి కోవిడ్. అదే కప్పు కింద వందల మంది కోవిడ్ పేషెంట్లున్నా, హాస్పిటల్ లోపలే అంటుకుందని తేల్చిన కేసులు రెండు. అందులో ఒకటి, మాస్కుల నిబంధన రాకముందు రోజూ చూడటానికి వచ్చిన జీవిత భాగస్వామి నుంచే వచ్చి ఉంటుందని అనుకున్నారు. అన్నిచోట్లా ఇంత బాగా జరగలేదు, అదీ చెప్పాలి. బ్రిటన్‌లో మొదటి వేవ్‌లో హాస్పిటళ్ళలో ఉన్న కోవిడ్ పేషెంట్లలో కనీసం 11 శాతం మందికి లోపలే అంటుకుంది. వృద్ధులను, మానసిక రోగులను ఎక్కువ రోజులు ఉంచుకునే చోట్ల అది మరీ ఎక్కువ.

ఇప్పుడు రెండోవైపు. ఇటలీలో 2020 మార్చిలో ఒక వారం లెక్క తీస్తే, గుండెపోటుతో చేరినవాళ్ళు అంతకుముందు ఏడాది అదే వారంతో పోలిస్తే 48.4 శాతం తక్కువ. అమెరికాలో మార్చి 13న జాతీయ ఎమర్జెన్సీ ప్రకటించాక పది వారాల్లో, గుండెపోటుతో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళు 23 శాతం తగ్గారు, పక్షవాతంతో వచ్చినవాళ్ళు 20 శాతం తగ్గారు. అందరి గుండెలూ ఒక్కసారిగా బాగుపడలేదు కదా. ఆ ఇటలీ లెక్కలోనే ఇంకో రెండు సంగతులున్నాయి. నొప్పి మొదలైనప్పటి నుంచి యాంజియోగ్రామ్ దాకా పట్టే టైం 39 శాతం పెరిగింది. పూర్తిగా రక్తనాళం మూసుకుపోయే పెద్ద అటాక్‌తో వచ్చినవాళ్ళలో మరణాలు 4.1 శాతం నుంచి 13.7 శాతానికి చేరాయి. వాళ్ళలో కొందరికి కోవిడ్ కూడా ఉంది. అయినా ఆలస్యం వల్ల ఎంత నష్టం జరుగుతుందో గుండె డాక్టర్లెవరినైనా అడగండి, ఒకే జవాబు వస్తుంది.

ఆ రోజు తెల్లవారుజామున నాన్నగారి ఒంట్లో ఏం జరిగిందో మాత్రం ఆయనకు నిదానంగా చెప్పండి. గుండె కండరానికి రక్తం ఇచ్చే నాళం మూసుకుపోయింది. రక్తం అందకపోతే అరగంట నుంచే కండరం చావడం మొదలవుతుంది, ఆ తర్వాత ప్రతి గంటకీ ఇంకాస్త పోతుంది. అందుకే పేషెంట్ హాస్పిటల్ గుమ్మం తొక్కిన 90 నిమిషాల్లోపు ఆ నాళం తెరవాలని మాకు లక్ష్యం పెడతారు. మధ్యాహ్నానికి ఆయనకు నొప్పి తగ్గింది నిజమే. టాబ్లెట్‌తో తగ్గిందని ఆయన అనుకుంటున్నారు. కానీ నొప్పి పెట్టే కండరం చచ్చిపోయినా నొప్పి ఆగుతుంది. మామూలుగా 55 పైన ఉండాల్సిన పంపింగ్ 35కి వచ్చిందంటే జరిగింది అదే అయి ఉంటుంది. ఆయన బతికినందుకు నాకు నిజంగా సంతోషం. కానీ ఆయనలాగే ఇంట్లో కూర్చుని బతకనివాళ్ళు వాకింగ్‌కి వచ్చి తమ సంగతి చెప్పలేరు. స్నేహితుల మధ్య ఆయన వింటున్నది బతికినవాళ్ళ మాట ఒక్కటే.

ఒక పేషెంట్ నాకిప్పటికీ గుర్తున్నాడు. భార్య తీసుకొచ్చింది. చేతిలో పిల్లల స్కూల్ నోట్‌బుక్. అందులో గీతలు కొట్టి, గంటగంటకీ ఆయన ఆక్సిజన్ ఎంతుందో రాసింది. 97, 98, 97, 98. ఒక్క గంట కూడా వదల్లేదు, అర్ధరాత్రి కూడా లేచి చూసింది. అంత శ్రద్ధ. ఆయన మూతి ముందురోజు పొద్దున్నే ఒకపక్కకి వెళ్ళిపోయింది, కుడిచెయ్యి లేవడం లేదు. ఆక్సిజన్ బాగుంది కదా, ఇప్పుడు హాస్పిటల్ ఎందుకని ఆగారు. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి మాకు ఉండేది నాలుగున్నర గంటలు. మెదడుకు రక్తం ఆగిపోతే నిమిషానికి 19 లక్షల నాడీకణాలు పోతాయని అంచనా. ఆయన వచ్చేసరికి ఒక రోజు దాటిపోయింది. తప్పు ఆవిడది కాదు. అప్పుడు అందరం టీవీలో, ఫోన్‌లో, గోడల మీద "ఇంట్లోనే ఉండండి" అనే చెప్పాం. గుండెనొప్పి, పక్షవాతం వస్తే మాత్రం వెంటనే రండని అంత గట్టిగా ఎవరూ చెప్పలేదు.

వైరస్ ఏదైనా సరే ఆగకూడని సందర్భాలు ఇవి: ఛాతీలో బరువు, ఆయాసం, చెమటలు. షుగర్ ఉన్నవాళ్ళకు నొప్పి లేకుండా కూడా అటాక్ రావచ్చు, ఉన్నట్టుండి నీరసం, దవడ లాగడం, ఆయాసం మాత్రమే ఉండొచ్చు. నాన్నగారి విషయంలో ఇది గుర్తుపెట్టుకోండి. మూతి వంకర, చెయ్యి జారిపోవడం, మాట ముద్దగా రావడం. ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా రావడం. ఫిట్స్, ఆగని రక్తం. గర్భిణికి రక్తస్రావం గానీ విపరీతమైన కడుపునొప్పి గానీ. పసిపిల్లలు వాలిపోయి పాలు తాగకపోవడం.

ఇంకొక పని ఈ రోజే చేయండి. ఆయన పాత ఈసీజీ, ఎకో కాగితాలు ఫోటో తీసి ఇద్దరు ముగ్గురి ఫోన్లలో పెట్టండి. ఒకసారి అటాక్ వచ్చిన గుండెకు ఈసీజీలో మార్పులు తరచుగా ఉండిపోతాయి. పాతది పక్కన ఉంటే కొత్తగా ఏం జరిగిందో మాకు వెంటనే తెలుస్తుంది, లేకపోతే ఆ తేడా తేల్చడానికే టైం పోతుంది. వచ్చేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, తోడు ఒక్కరే రండి, దగ్గు, జ్వరం ఉంటే గుమ్మం దగ్గరే చెప్పండి. దాచొద్దు. ఉందని చెప్తే వెనక్కి పంపకూడదు, వేరే వైపు తీసుకెళ్ళాలి.

వంటగది కిటికీ:

మా ఆయన ఎమర్జెన్సీ డాక్టర్. పై జవాబు చదువుతుంటే ఆయన గొంతే వినిపించింది.

మా ఇంట్లో గుమ్మం పక్కన తాడుకి కాగితం కవర్లు వేలాడుతుండేవి. ఒక్కోదాని మీద సోమ, మంగళ, బుధ అని ఆయనే రాసుకున్నారు. ఒక్కో కవర్లో ఒక్కో ఎన్95 మాస్క్. కొత్తవి సరిపడా ఇవ్వడం లేదు కాబట్టి వాడిందాన్ని ఆరబెట్టి మళ్ళీ వంతు వచ్చినప్పుడు పెట్టుకునేవారు. ముక్కు మీద చర్మం చిట్లి మచ్చ పడింది, ఇప్పటికీ ఉంది. సాయంత్రం బాల్కనీల్లో చప్పట్లు కొట్టారు. మర్నాడు అదే అపార్ట్‌మెంట్ వాళ్ళు, మా ఆయన లిఫ్ట్ వాడకుండా ఉంటే మంచిదని కబురు పంపారు.

అయినా ఆయన బాగా కుంగిపోయింది జనం ఎక్కువైన రోజుల్లో కాదు. మొదటి నెలల్లో, కోవిడ్ కానివాళ్ళ కోసం ఉంచిన వైపు ఖాళీగా ఉన్నప్పుడు. అన్నం ముందు కూర్చుని "గుండెనొప్పులు ఏమైపోయాయి? ఒక్కళ్ళూ రావట్లేదు. ఎక్కడున్నారు వీళ్ళంతా?" అని అడిగేవారు. నాకేం తెలుసు? ఇంట్లో ఉన్నారు, మీ నాన్నగారిలాగా. అక్కడ మీకోసం ఎదురుచూసే మనిషి ఒకరున్నారని మాత్రం ఆయనకు చెప్పండి.

పెద్దమ్మాయి:

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి నాన్న పక్కన కూర్చుని ఫోన్‌లో ఇదంతా చదివి వినిపించాను. కొరియా సంగతి దగ్గర "చూశావా" అన్నారు. 41 మంది తోడు వచ్చినవాళ్ళే అనేసరికి మళ్ళీ చదవమన్నారు. నొప్పి ఎందుకు తగ్గిందో చెప్పినప్పుడు మాత్రం ఏమీ అనలేదు. కాసేపాగి ఎకో కాగితం తెమ్మన్నారు.

పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పను. పొద్దున ఆయన అడిగింది ఇది: "సరే, వస్తాను. అక్కడ బెడ్ ఉంటుందా? డాక్టర్‌కి మాస్కే లేకపోతే నన్నేం చూస్తాడు? లేదని బయటికి చెప్తే ఉద్యోగం ఉంటుందా?" నిజం గారు అడిగిందీ ఇదే కదా. దీనికి నా దగ్గర జవాబు లేదు.

నైట్ డ్యూటీ:

నాన్నగారు సరైన ప్రశ్న అడిగారు. నిజం గారూ, ఇది మీకు కూడా. తలుపు తీయకుండా రాలేదేం అని అడగడం తప్పే. మీ పెద్దమ్మగారి విషయంలో మీ కోపం న్యాయమైనది.

గేటు దగ్గర "బెడ్ లేదు" అని వినపడితే ఎమర్జెన్సీ వాళ్ళు పొమ్మన్నారని బయటికి అనిపిస్తుంది. లోపల సాధారణంగా జరిగేది వేరు. మేం చూసి, మందులు పెట్టి, అడ్మిట్ చేయమని రాసేసిన పేషెంట్‌ని పై వార్డుకి పంపాలి. అక్కడ మంచం గానీ నర్సు గానీ లేకపోతే ఆ పేషెంట్ మా దగ్గరే స్ట్రెచర్ మీద ఉండిపోతాడు. అలాంటివాళ్ళతో వార్డు నిండిపోతుంది, కొత్తవాళ్ళు అంబులెన్స్‌లో ఆగిపోతారు. ఇది మహమ్మారి తెచ్చిన జబ్బు కాదు, అంతకుముందు నుంచే ఉంది, మహమ్మారిలో పగిలింది. ఇంగ్లండ్‌లో లెక్క తీస్తే, వచ్చినప్పటి నుంచి 6 నుంచి 8 గంటల దాకా వార్డు మంచం దొరకకుండా ఆగినవాళ్ళలో ప్రతి 82 మందికి ఒక మరణం అదనంగా కనిపించింది. ఎమర్జెన్సీ డాక్టర్ల తరఫున మాట్లాడటమంటే నా దృష్టిలో మొదటిది ఇదే. మాకు చప్పట్లు వద్దు. పై వార్డులో మంచాలు, వాటికి సరిపడా నర్సులు కావాలి.

రెండోది నోరు తెరిచే స్వేచ్ఛ. 2019 డిసెంబర్ 30న వూహాన్‌లో ఐ ఫెన్ అనే డాక్టర్, సెంట్రల్ హాస్పిటల్ ఎమర్జెన్సీ విభాగం హెడ్, ఒక పేషెంట్ ల్యాబ్ రిపోర్ట్‌లో సార్స్ కరోనావైరస్ అన్న మాట చుట్టూ ఎర్రగీత గీసి తోటి డాక్టర్‌కి పంపారు. అది చేతులు మారి, తోటి డాక్టర్లను హెచ్చరించిన కంటి డాక్టర్ లీ వెన్‌లియాంగ్ దాకా వెళ్ళింది. ఐ ఫెన్‌ను హాస్పిటల్ వాళ్ళు పిలిచి తీవ్రంగా మందలించారు. కొత్త రోగం ఏదొచ్చినా మొదట కనిపించేది ఎమర్జెన్సీ గుమ్మంలోనే. అక్కడ నిలబడ్డ మనిషి నోరు నొక్కితే మొదట నష్టపోయేది పేషెంటే. మాస్కులు లేవని చెప్పిన డాక్టర్ మీద చర్య తీసుకోకుండా రాతపూర్వక రక్షణ ఉండాలి. కాంట్రాక్ట్ మీద పనిచేసేవాళ్ళకి మరీ ముఖ్యం, వాళ్ళకి మర్నాటి డ్యూటీ ఇవ్వకపోతే చాలు, ఉద్యోగం పోయినట్టే.

మూడోది మాట్లాడటం నాకు కష్టం, అయినా చెప్తాను. న్యూయార్క్‌లో ఎమర్జెన్సీ విభాగాన్ని నడిపిన డాక్టర్ లోర్నా బ్రీన్ తనకే కోవిడ్ వచ్చి తగ్గాక మళ్ళీ డ్యూటీలో చేరారు. 2020 ఏప్రిల్ 26న ఆత్మహత్య చేసుకున్నారు. మానసిక వైద్యం తీసుకున్నానని తెలిస్తే లైసెన్స్ పోతుందని ఆమె భయపడ్డారని కుటుంబం చెప్పింది. 2022 మార్చిలో ఆమె పేరుతోనే అమెరికాలో ఆరోగ్య సిబ్బంది మానసిక ఆరోగ్యం కోసం చట్టం తెచ్చారు. మాలో ఎంతోమందికి అదే భయం ఉంది. సాయం అడిగిన డాక్టర్‌ని పనికిరానివాడిగా చూడకూడదు. ఇది మా పరువుకి సంబంధించిన విషయం అనుకోకండి. రాత్రి రెండింటికి నాన్నగారి ఈసీజీ చూసేది ఆ మనిషే.

ఇక మీ చేతిలో ఉన్నది. మీరు వెళ్ళే హాస్పిటల్‌ని ఇప్పుడే, ఏ మహమ్మారీ లేనప్పుడే, కాగితం మీద అడగండి. దగ్గు, జ్వరం ఉన్నవాళ్ళకి వేరే దారి ఉందా, విడి గదులు ఎన్ని, మాస్కులు ఎన్ని రోజులకు సరిపడా నిల్వ ఉన్నాయి, అడ్మిట్ రాశాక మంచం దొరకడానికి మామూలుగా ఎంతసేపు పడుతోంది. వాకింగ్ స్నేహితులంతా కలిసి సంతకాలు పెడితే ఇంకా మంచిది. నాన్నగారిలాగా లెక్కలడిగే మనిషి ఆ కాగితం రాస్తే బాగుంటుంది, ఆయనకే అప్పగించండి.

అక్కడ ఆలస్యమైతే డ్యూటీ డాక్టర్ మీద, నర్సు మీద చెయ్యెత్తొద్దు. ఒకరి మీద దాడి జరిగితే ఆ పూట వార్డు మొత్తం ఆగిపోతుంది, లోపల ఉన్నవాళ్ళకి చూసేవాళ్ళుండరు. దాని బదులు టైములు రాసుకోండి. ఎన్నింటికి గేటు దగ్గరికి వచ్చారు, ఎన్నింటికి డాక్టర్ చూశారు, అడ్మిట్ ఎప్పుడు రాశారు, మంచం ఎప్పుడు దొరికింది. ఆ నాలుగు టైములతో సూపరింటెండెంట్‌కి, ఆరోగ్యశాఖకి రాయండి. లోపలి నుంచి మేం రాస్తే ఫైల్లో పడుంటుంది. పేషెంట్ ఇంటివాళ్ళు రాస్తే జవాబు ఇవ్వాల్సి వస్తుంది. నిజం గారూ, మీ పెద్దమ్మగారి విషయంలో మీకు గుర్తున్న టైములతో ఇప్పుడైనా రాయొచ్చు. రాస్తానంటే చెప్పండి, ఎలా రాయాలో నేను సాయం చేస్తాను.